ఫారిన్ లీజియన్ వారికి ఒక అర్జీ

ఏ దేశంవాడినైనా సైనికుడిగా చేర్చుకునే ఫ్రాన్స్ దళం, మహారాజశ్రీ ఫ్రెంచ్ ఫారిన్ లీజియన్ వారి సముఖానికి,

నిన్న మధ్యాహ్నమంతా నన్ను ఒక ఆఫీసులో కూర్చోబెట్టారు. డిగ్రీకీ మొదటి ఉద్యోగానికీ మధ్య ఒక ఏడాది ఖాళీ ఉంది కదా, అప్పుడేం చేశావో రుజువు కావాలట. ఊరికే ఇంట్లో ఉన్నానంటే నమ్మరు, నోటరీ అఫిడవిట్ తెమ్మన్నారు. అప్పుడు గుర్తొచ్చారు మీరు.

1945 తర్వాత మీ దగ్గర ఎంత సుఖమండీ! యుద్ధఖైదీల క్యాంపుల నుంచి జర్మన్ సైనికులు వచ్చారు. రష్యాలో ఏం చేశావు, ఎన్ని ఊళ్లు తగలబెట్టావు అని అడిగితే ఒట్టు. కొత్త పేరు, ఐదేళ్ల కాంట్రాక్టు, పదండి వియత్నాం వైపు మీ వలసరాజ్యం ఇండోచైనాకి. మీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మొత్తం చంకలోనే అయిపోయేది. ఎడమ చెయ్యి ఎత్తు, హిట్లర్ నాజీ దళం ఎస్ఎస్ వాళ్ల బ్లడ్ గ్రూప్ పచ్చబొట్టు ఉందా? లేదా? నెక్స్ట్! పచ్చబొట్టు కాల్చుకుని వచ్చినవాళ్లలో కొందరు అదీ దాటేశారు.

క్యాంపులో ఆకలికి మాడుతున్న పందొమ్మిదేళ్ల కుర్రాడు సంతకం పెడితే నేనేమీ అనను. నా గొడవంతా మీ జ్ఞాపకశక్తితోనే. 1863లో యుద్ధంలో పోయిన మీ వీరుడు కెప్టెన్ దాంజూ గారి చెక్క చెయ్యిని ఇప్పటికీ ఏటా ఏప్రిల్ 30న ఊరేగిస్తారు. చెక్క చెయ్యి అంత బాగా గుర్తుంది. మరి చేర్చుకున్న చేతులు అంతకుముందు ఏం చేశాయో?

మీ 13వ హాఫ్-బ్రిగేడ్ అనే పటాలాన్నే తీసుకోండి. 1940లో నార్వేలోని నార్విక్‌లో జర్మన్లతో తలపడింది. 1942లో లిబియాలోని బీర్ హకీమ్ ఎడారిలో జర్మన్ సేనాని రొమ్మెల్‌ని రెండు వారాలు నిలబెట్టేసింది. చదువుతుంటే నాకే ఒళ్లు పులకరించింది, దాచడమెందుకు. పన్నెండేళ్లు నిండకుండానే, 1954 మార్చి 13 రాత్రి, వియత్నాంలోని దియన్ బియన్ ఫూలో బియాట్రిస్ గుట్ట మీద అదే హాఫ్-బ్రిగేడ్ జెండా కింద జర్మన్లు చచ్చిపోయారు. తెల్లారేలోపు గుట్ట కూడా పోయింది.

ఎందుకోసమండీ? హో చి మిన్ 1945 సెప్టెంబరు 2నే స్వాతంత్ర్యం ప్రకటించాడు. నాలుగేళ్లు జర్మన్ బూటు కింద నలిగింది మీ దేశం. ఆ నొప్పి ఎలా ఉంటుందో ఇంకొకరు చెప్పక్కర్లేదు. అయినా ఆ బూట్లకే జీతమిచ్చి, ఓడెక్కించి, వియత్నాం వాళ్ల మెడ మీద పెట్టారు. మర్యాదగా రాద్దామనే మొదలుపెట్టాను, కుదరడం లేదు. సిగ్గు లేదూ? కొందరు జర్మన్లకైనా మనసొప్పలేదు, మిమ్మల్ని వదిలేసి హో చి మిన్ సేన వియత్ మిన్‌లో కలిశారు.

దియన్ బియన్ ఫూ మే 7న పడిపోయింది. జూన్ 13కల్లా గోదావరి ఒడ్డున మా యానాం కూడా మీ ఫ్రాన్స్ చేతిలోంచి జారిపోయింది. దాన్ని కాపాడటానికి జర్మన్లను పంపలేదు, చాలా సంతోషం.