సిటీ బస్సులో ఎవరు ఎక్కడ నిలబడుతున్నారు?

హైదరాబాద్ సిటీ బస్సుల్లో కండక్టర్లు రోజంతా అనే మాట ఒకటుంది: "లోపలికి జరగండి". ఎన్నిసార్లు అన్నా తలుపు దగ్గరి జనం కదలరు. నడుమ మాత్రం నలుగురు నిలబడే చోటు ఖాళీగా ఉంటుంది. క్రమశిక్షణ లేని జనమని తిట్టుకోవడం తేలిక. అలా నిలబడ్డవారిని నాలుగు స్టాపుల పాటు చూస్తే అసలు కారణం తెలుస్తుంది. బస్సు షెల్టర్ ముందు కాకుండా దానికి కాస్త అవతల, రోడ్డు మధ్యలో ఆగుతుంది. దిగేవాళ్లు ఇంకా మెట్ల మీద ఉండగానే "రైట్ రైట్" వినపడుతుంది. లోపలికి వెళ్తే తమ స్టాపులో దిగలేమని వాళ్లకు అనుభవం మీద తెలుసు. పొట్టిగా ఉన్నవారికి మరో ఇబ్బంది కూడా ఉంది. పైనున్న రాడ్డు అందదు కాబట్టి వాళ్లు సీటు వెనక కమ్మీయో, తలుపు పక్కన నిలువు కమ్మీయో పట్టుకుంటారు. పట్టుకోవడానికి ఏదీ లేని చోటే ఖాళీగా మిగులుతుంది.

తోటి ప్రయాణికులను చూడటాన్ని కాలక్షేపంగా తీసిపారేయకూడదనడానికి కారణం ఇదే. బస్సు ఎక్కడ విఫలమవుతోందో ముందుగా తెలిసేది ప్రయాణికుల నడవడిలోనే. "మీరెక్కడ దిగుతారు?" అని నిలబడ్డవారు కూర్చున్నవారిని అడగడం ఈ నగరంలో మామూలు. "అమీర్‌పేట" అని జవాబు వస్తే ఆ సీటు పక్కనే పాతుకుపోతారు. దాన్ని మర్యాద లేకపోవడంగా ఎవరూ అనుకోరు. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా నిలబడే పరిస్థితి ఉన్న రూట్లలో ఈ ప్రశ్న ఎక్కువగా వినపడుతుంది. కూర్చున్నవారు ముక్కూ మొహం తెలియని మనిషి బ్యాగు అందుకుని ఒళ్లో పెట్టుకుంటే అది మంచితనమే. సామాను పెట్టుకోవడానికి బస్సులో చోటు లేదన్న సంగతి కూడా అందులోనే ఉంది.

ఆర్టీసీ దగ్గర లెక్కలు లేవా అంటే, ఉన్నాయి. కండక్టర్ చేతిలో టికెట్లు కొట్టే టిమ్ మిషన్ ప్రతి టికెట్‌నూ నమోదు చేస్తుంది. కానీ అది రాసుకునేది ఛార్జీ లెక్కకు తీసుకునే స్టేజీని, స్టాపును కాదు. ఒక స్టేజీ కింద రెండు మూడు స్టాపులు ఉండొచ్చు. పాస్ ఉన్న విద్యార్థికి టికెట్ కొట్టరు కాబట్టి అతను ఎక్కడ ఎక్కాడో, ఎక్కడ దిగాడో మిషన్‌కు తెలియదు. ఫుట్‌బోర్డు మీద కూడా చోటు దొరక్క స్టాపులోనే మిగిలిపోయిన పదిమంది అసలే లెక్కలోకి రారు. మెట్రోదీ ఇదే కథ. ఎక్కడ లోపలికి వచ్చారు, ఎక్కడ బయటికి వెళ్లారు అన్నది కార్డు చెబుతుంది. అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు కార్డు చూపే పనే ఉండదు కాబట్టి ఏ రైలు ఎక్కారో, మూడు బోగీల్లో ఏది కిక్కిరిసిందో దానివల్ల తెలియదు. దిగే స్టేషన్‌లో మెట్లకు దగ్గరగా ఆగే తలుపును రోజువారీ ప్రయాణికులు ముందే ఎంచుకుంటారు. ఒక బోగీ నిండి పక్క బోగీ ఖాళీగా ఉండటం అందువల్లే.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేని జీరో టికెట్ వచ్చింది. దీన్ని ఖర్చు కోణంలోనే చూసేవారు ఒకటి మరిచిపోతున్నారు: టికెట్ తీసుకునే ప్రతి మహిళ ప్రయాణమూ ఇప్పుడు స్టేజీలతో సహా నమోదవుతోంది. అయితే ఆ లెక్కలోనూ తప్పు దొర్లుతుంది. గుర్తింపు కార్డు చూసి టికెట్ కొట్టడానికి ఒక్కొక్కరికి పది సెకన్లు పట్టినా నలభై మందికి దాదాపు ఏడు నిమిషాలు. రద్దీలో కండక్టర్ వారి దాకా వచ్చేసరికి ఎక్కిన స్టేజీ దాటిపోతే, మిషన్‌లో తర్వాతి స్టేజీ పడే వీలుంది. ఆడవాళ్లంతా ఉచితంగా ఎక్కి బస్సులు నింపేస్తున్నారన్న సణుగుడు ఈ రద్దీలోంచే పుడుతోంది. అది అన్యాయమైన మాట. ప్రయాణికులు పెరిగినప్పుడు పెరగాల్సినవి బస్సులు. ముందు భాగం ఆడవాళ్లకు, వెనక భాగం మగవాళ్లకు అన్న పాత సీట్ల అమరికను కూడా కొత్త జనానికి తగ్గట్టు మార్చాలి.

మధ్యాహ్నం పన్నెండు గంటల బస్సు చూడండి. పొద్దున్నే బోరబండ నుంచి జూబ్లీహిల్స్ వైపు ఇళ్లల్లో పనికి వెళ్లిన మహిళలు తిరిగి వచ్చే వేళ అది. ఆఫీసుల వేళను బట్టి రద్దీని నిర్ణయించి మధ్యాహ్నం ట్రిప్పులు తగ్గిస్తే నష్టపోయేది వీళ్లే. ఎండలో అరగంట నిలబడటం వాళ్ల పనిగంటల్లోకి రాదు, జీతంలోకీ రాదు.

ఒకే నంబరు బస్సులు రెండు జంటగా రావడం గురించి అందరూ డ్రైవర్లను తిడతారు. లెక్క వేసి చూడండి. పది నిమిషాలకో బస్సు, స్టాపుకు నిమిషానికి ముగ్గురు చొప్పున వచ్చే జనం అనుకుందాం. బస్సు సమయానికి వస్తే ముప్పై మంది ఎక్కుతారు. ట్రాఫిక్‌లో నాలుగు నిమిషాలు ఆలస్యమైతే నలభై రెండు మంది. ఒక్కొక్కరు ఎక్కడానికి మూడు సెకన్లు పడితే ఆ స్టాపులోనే మరో 36 సెకన్లు పోతాయి. సమయానికే వస్తున్న వెనక బస్సుకు మిగిలేది పద్దెనిమిది మందే, కాబట్టి అది 36 సెకన్లు ముందుకొస్తుంది. ఒక్క స్టాపులో రెండింటి మధ్య దూరం 72 సెకన్లు తగ్గింది. ఇలాంటి రద్దీ స్టాపులు వరుసగా ఉంటే అయిదోది రాకముందే రెండూ కలిసిపోతాయి. "వెనకాల ఖాళీ బస్సు వస్తోంది" అని కండక్టర్ అరిస్తే దాన్ని నమ్మి ఆగేవాళ్లు సరిగ్గానే ఆలోచిస్తున్నారు. తేడాను సరిచేయాల్సింది మొదటి స్టాపులో, వెనక బస్సును రెండు నిమిషాలు ఆపి.

పద్ధతిగా గమనించాలనుకునేవారికి ఒక నోట్‌బుక్ చాలు. 127కె గానీ 219 గానీ ఒక రూటు ఎంచుకుని, వారంలో మూడు పనిదినాలు ఒకే ట్రిప్పులో వెళ్లండి. ఇద్దరు కావాలి, తలుపుకొకరు. అయిదు గడులు: స్టాపు పేరు, ఎక్కినవారు, దిగినవారు, కింద మిగిలిపోయినవారు, బస్సు ఆగి ఉన్న సెకన్లు. ఎక్కినవారిని కలుపుతూ, దిగినవారిని తీసేస్తూ వెళ్తే లోపల ఎంతమంది ఉన్నారో తేలుతుంది. చివరి స్టాపులో అది సున్నా కావాలి. కాకపోతే తప్పు సాధారణంగా ఫుట్‌బోర్డు దగ్గర జరుగుతుంది: దిగేవారికి దారి ఇవ్వడానికి కిందికి దిగి మళ్లీ ఎక్కినవారిని, దిగినట్టు రాయకుండా, రెండోసారి ఎక్కినట్టు లెక్కపెట్టి ఉంటారు. చంటిపిల్లలను కలపాలో వద్దో మొదటే అనుకోండి.

ట్రిప్పులో ఎక్కినవారి మొత్తాన్ని, ఒకేసారి లోపల ఉన్నవారి గరిష్ఠ సంఖ్యతో భాగించండి. 110 మంది ఎక్కి గరిష్ఠం 55 అయితే రెండు వస్తుంది. అంటే జనం దారిలో మారుతున్నారు, దగ్గరి ప్రయాణాలు ఎక్కువ. అక్కడ తరచుగా వచ్చే ఆర్డినరీ బస్సు కావాలి. ఒకటికి దగ్గరగా వస్తే ఎక్కువమంది ఆ చివరి నుంచి ఈ చివరికి వెళ్తున్నట్టు. అక్కడ తక్కువ స్టాపుల ఎక్స్‌ప్రెస్ పనికొస్తుంది.

చూసే చూపుకు హద్దు ఉండాలి. లెక్కపెట్టేవారి చూపు తలుపు మీద, మెట్ల మీద ఉంటుంది, మొహాల మీద నిలవదు. ఫోటో, వీడియో వద్దు. నిద్రపోతున్నవారినైతే అసలే వద్దు. ఎవరైనా ఇబ్బంది పడుతున్నట్టు అనిపిస్తే నోట్‌బుక్ మూసేయాలి. ఆడవాళ్ల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ 2014 నుంచి పనిచేస్తున్న నగరంలో కూడా చాలామంది ఆడవాళ్లు బ్యాగును ఎదకు అడ్డం పెట్టుకునే ప్రయాణిస్తున్నారు. ఏ రూటులో, ఏ వేళ అలా ఎక్కువగా నిలబడుతున్నారన్నది కూడా రాసుకోవాల్సిన సంగతే, మనుషుల వివరాలు లేకుండా.

ఈ కాగితాలు ఇంట్లో ఉంచుకుంటే ఉపయోగం లేదు. డిపోల్లో ప్రయాణికులు డిపో మేనేజర్‌తో ఫోన్లో మాట్లాడే "డయల్ యువర్ డీఎం" పెట్టినప్పుడు "బస్సులు సరిగ్గా రావడం లేదు" అంటే నమోదు చేసుకుని వదిలేస్తారు. "మంగళ, బుధ, గురువారాల్లో పన్నెండున్నర ట్రిప్పులో ఫలానా స్టాపు దగ్గర పద్నాలుగు, పదకొండు, పదహారు మంది ఎక్కలేకపోయారు. పన్నెండు నలభైకి ఇంకో ట్రిప్పు వేయగలరా?" అని అడిగితే డిపో మేనేజర్ షెడ్యూలు తెరిచి చూడక తప్పదు.