మేత బీళ్లకు ఊపిరి తీసుకోనివ్వండి

ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చిక భూములు, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. దీన్ని అందరికంటే ముందు పట్టించుకోవాల్సింది మనమే. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణది దేశంలో మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. దేశంలోని 7.43 కోట్ల గొర్రెల్లో దాదాపు సగం ఇక్కడే ఉన్నాయి. వాటికి మేత ఎక్కడుంది? ఊరి ఉమ్మడి మేత భూములైన బంచరాయిలు, మేత పోరంబోకులు ఏటికేడు కరిగిపోతున్నాయి. మిగిలిన కాస్త బీడులోనే మందలన్నీ ఏడాది పొడుగునా తిరగాల్సి వస్తోంది.

మేసినంత మాత్రాన గడ్డి చావదు. దాని మొగ్గ నేలను అంటుకుని ఉంటుంది కాబట్టి పైన కొరికినా మళ్లీ చిగురిస్తుంది. కోలుకోకముందే మళ్లీ మళ్లీ మేపితేనే చేటు. ఆకు లేక వేరుకు తిండి అందదు, వేరు కురచబడుతుంది. ఆ వేరు వదిలే చక్కెరలతో బతికే బూజులు, సూక్ష్మజీవులు తగ్గిపోతాయి. మట్టి రేణువులను కలిపి పట్టి ఉంచేది చాలావరకు అవే. అవి పోయాక గిట్టల తొక్కిడికి నేల గట్టిపడుతుంది, వాన నీరు ఇంకకుండా పైమట్టిని లాక్కుపోతుంది. అనంతపురం లాంటి కరువు సీమలో ఇది చిన్న నష్టం కాదు. చెంగలి వంటి మంచి గడ్డి పోయిన చోట వయ్యారిభామ, సర్కారు తుమ్మ పాతుకుపోతాయి.

అలాగని కంచె వేసి కాపరులను వెళ్లగొట్టడం సరికాదు. మంద వెళ్లిపోతే పేడా పోతుంది, దాన్ని నమ్ముకున్న పేడపురుగులూ పోతాయి. అవి పేడను నేలలోకి దింపుతూ తవ్విన బొరియల వెంటే గాలి, నీరు లోపలికి చేరతాయి. ఐవర్‌మెక్టిన్ వంటి నట్టల మందు పేడలో రోజుల తరబడి మిగిలి వాటి పిల్లపురుగులను చంపుతుంది. పశువైద్యుడు చెప్పినప్పుడే, అవసరమున్న జీవాలకే ఆ మందు వేయాలి.

పచ్చదనం పేరిట గడ్డి బీళ్లలో గుంతలు తీసి మొక్కలు నాటడాన్ని మేము వ్యతిరేకిస్తున్నాం. గడ్డినేల దాచుకునే కార్బన్‌లో ఎక్కువ భాగం మట్టిలోనే ఉంటుంది. గుజరాత్‌లోని బన్నీ గడ్డి మైదానంలో 1960లలో ఉప్పు నేల వ్యాపించకుండా ఆపడానికి అటవీ శాఖ నాటిన సర్కారు తుమ్మ చివరికి గడ్డినే మింగేసింది. అక్కడి పశుపోషకులు నేటికీ దాంతో పోరాడుతున్నారు.

గ్రామ ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011లోనే రాష్ట్రాలను ఆదేశించింది. రెవెన్యూ శాఖ ముందుగా మేత భూములకు హద్దులు తేల్చాలి. ఆ తర్వాత పంచాయతీ, గొర్రెల కాపరుల సంఘం కలిసి కూర్చుని బీడును భాగాలు చేసుకోవాలి. తొలకరి పడ్డాక కొన్ని వారాలు ఒక భాగాన్ని మూసి ఉంచి, గింజ రాలనివ్వాలి. మరుసటి ఏడు మరో భాగం. అయితే మూసిన ఆ వారాల్లో మందకు మరో దారి చూపకుండా కాపరిని ఆగమంటే ఎలా ఆగుతాడు? దాణా, ఎండుమేత సబ్సిడీ తొలకరి నాటికే అతని చేతికి అందాలి.