ఫుట్‌వాల్వు పోతే పైపుకి వెల్లుల్లి రాస్తామా?

మా పిన్ని పాతికేళ్లుగా టిఫిన్ సెంటర్లో పెనం ముందు నిలబడి దోసెలు వేస్తోంది. ఎడమ పిక్క మీద నరాలు వానపాముల్లా మెలికలు తిరిగి ఉంటాయి. చీలమండ లోపలి వైపు చర్మం నల్లబడి తోలులా బిగుసుకుపోయింది. పోయినేడాది ఆవిడ ఫోన్‌కి ఆ మెసేజ్ వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. వేరికోస్ వెయిన్స్ అంటే చెడు రక్తం పేరుకోవడమట, నరాల బలహీనతట. వెల్లుల్లి ముద్దలో వెనిగర్ కలిపి పట్టించి, గట్టిగా పిసికితే 21 రోజుల్లో మాయమట, రుజువుగా ముందు, తర్వాత ఫొటోలు. లేజర్ చేయించుకుంటే రక్తం పోయే దారి మూసుకుపోయి కాలే తీసేయాల్సి వస్తుందట. చివర్న మామూలే, పది మందికి పంపండి.

పిన్ని పది మందికీ పంపింది, తనూ కట్టు కట్టుకుంది. తెల్లారి గుడ్డ విప్పితే రూపాయి బిళ్లంత బొబ్బ. అది చితికి పుండైంది, నెలలు గడిచినా మానలేదు. పచ్చి వెల్లుల్లి రాత్రంతా ఒంటికి అంటుకుని ఉంటే మామూలు చర్మమే కాలుతుంది. రక్తం సరిగా తిరగని ఆ నల్లటి చోట ఏమవుతుందో వేరే చెప్పాలా?

ముందు ఈ ‘నరం’ సంగతి తేలాలి. మనకి అన్నీ నరాలే. సెలైన్ పెట్టే నర్సమ్మ ‘నరం దొరకట్లేదు’ అంటుంది, మెడ పట్టేస్తే నరం పట్టిందంటాం, చెయ్యి తిమ్మిరెక్కినా నరమే. తిమ్మిరికి కారణమయ్యేది నాడి, మెదడుకి కబురు మోసే తీగ. పిక్క మీద ఉబ్బేది సిర, రక్తం మోసే గొట్టం. ఈ ఒక్క మాట తికమక వల్లే పిన్ని ‘నరాల బలానికి’ మూడు నెలలు బి12 ఇంజెక్షన్లు పొడిపించుకుంది. బి12 తగ్గితే తిమ్మిర్లు, మంటలు వస్తాయి, నిజమే. ఉబ్బిన సిరకీ దానికీ సంబంధం లేదు.

‘చెడు రక్తం’ మాట బడి నుంచి వచ్చింది. ఆక్సిజన్ తగ్గి గుండెకి తిరిగెళ్లే రక్తాన్ని మా మాస్టార్లు అలాగే చెప్పేవారు. అది కుళ్లిన రక్తం కాదు, ఊపిరితిత్తుల దాకా వెళ్తే మళ్లీ మంచిదే. చిక్కల్లా వెళ్లడంలోనే. భూమి లాగుడుకి ఎదురు ఎక్కాలి కదా. అందుకు సిరల్లో పైకి మాత్రమే తెరుచుకునే కవాటాలుంటాయి. నడిచినప్పుడు పిక్క కండ బిగిసి రక్తాన్ని పైకి నెడుతుంది, కవాటం దాన్ని కిందికి జారనివ్వదు. బావి మోటారుకి ఫుట్‌వాల్వు ఉన్నట్టే. అది పోతే ఎక్కిన నీళ్లు మళ్లీ బావిలోకే. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి 80–90 మి.మీ. పాదరసం దాకా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కాలైతే నడవగానే అది 30 లోపుకి దిగుతుంది. కవాటాలు పాడైన కాల్లో సరిగా దిగదు. ఆ ఒత్తిడికే సిర సాగి మెలికలు పడుతుంది, ఎర్రకణాలు బయటికి ఊరి వాటిలోని ఇనుము చర్మాన్ని నల్లబరుస్తుంది. ‘చెడు రక్తం’ పోతుందని జలగలు పట్టించి నాలుగు చుక్కలు తీయిస్తే ఆ ఖాళీ నిండటానికి ఎంతసేపు?

మరి మెసేజ్‌లో ముందు, తర్వాత ఫొటోలు? మీరే చూడండి. వెల్లకిలా పడుకుని కాలు గోడకి ఎత్తి పెడితే ఉబ్బిన సిరలు కాసేపట్లో అణిగిపోతాయి. లేచి నిలబడండి, మళ్లీ ప్రత్యక్షం. మధ్యలో వెల్లుల్లి ఉన్నా లేకపోయినా అంతే. నూనె రాసి మెల్లగా నిమిరితే హాయిగా ఉంటుంది, కాదనను. గట్టిగా పిసకడం మాత్రం ప్రమాదం. ఒక కాలు హఠాత్తుగా వాచి నొప్పి పెడుతుంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఆ రోజు ఆసుపత్రికే.

ఇక లేజర్‌తో కాలు పోతుందన్న మాట. నాకు ఒళ్లు మండేది దీనికే. కాలి రక్తంలో సుమారు 90 శాతం కండల మధ్య ఉండే లోపలి సిరల గుండానే పోతుంది. చర్మం కిందే ఉండే చెడిన పైసిర మోసేదే తక్కువ, అదీ వెనక్కి జారుస్తోంది. దాన్ని మూస్తే రక్తం మంచి దారి పడుతుంది. నమ్మకపోతే గుండె బైపాస్ అయిన వాళ్ల కాలు చూడండి. అక్కడి పొడుగాటి మచ్చ, ఇదే పైసిరను తీసి గుండెకి అతికించిన గుర్తు. 1960ల చివరి నుంచీ అలా తీస్తూనే ఉన్నారు, ఆ కాళ్లతోనే వాళ్లు నడుస్తున్నారు. లోపలి సిరలు బాగున్నాయో లేదో ముందు డాప్లర్ స్కాన్‌లో, అంటే రక్తం ఎటు పోతోందో చూపించే స్కాన్‌లో చూస్తారు. తర్వాత మత్తు సూదులిచ్చి, సన్నటి తీగ ఎక్కించి, వేడితో సిరను మూసేస్తారు. కమిలిన మచ్చలు, కొన్నాళ్లు చర్మం మొద్దుబారడం ఉంటాయి, అరుదుగా గడ్డ కడుతుంది. చాలామంది అదే రోజు నడిచి ఇంటికెళ్తారు. పుండు పడ్డవాళ్లకి ఆలస్యం చేయకుండా ఇలా మూస్తే ఏమవుతుందో బ్రిటన్‌లో 450 మంది మీద చూసి 2018లో ప్రచురించారు. త్వరగా చేసిన వాళ్లలో సగం మందికి 56 రోజుల్లో మానితే, కట్లతో ఆపి ఆలస్యంగా చేసిన వాళ్లలో సగం మందికి మానడానికి 82 రోజులు పట్టింది.

లేజర్ చేయించుకున్నా ‘మళ్లీ వస్తాయి’ అంటారు కొందరు, అది మాత్రం సగం నిజం. మూసిన సిర మామూలుగా మూసుకునే ఉంటుంది, కొన్నేళ్లకి వేరే సిర చెడొచ్చు. వంశంలో ఉంటే, కాన్పులైతే, నిలబడే పనైతే ఆ అవకాశం ఎక్కువ.

అందరికీ లేజర్ అక్కర్లేదు. నడక, పడుకున్నప్పుడు కాళ్లు గుండె కన్నా ఎత్తులో పెట్టుకోవడం, బిగుతు మేజోళ్లతో చాలామందికి బరువు, లాగుడు తగ్గుతాయి. మేజోళ్లు పొద్దున్నే మంచం దిగకముందే తొడగాలి. షుగర్, పొగతాగే అలవాటు ఉన్నవాళ్లు కాలి ధమనులు, అంటే గుండె నుంచి రక్తం తెచ్చే గొట్టాలు, చూపించుకోకుండా తొడగొద్దు.

ఆ మెసేజ్‌లో అసలు లేనిదొకటి. ఉబ్బిన సిర చిట్లితే రక్తం ధారగా చిమ్ముతుంది. పిన్నికి ఓసారి స్నానాల గదిలో అయింది, గాభరాలో మోకాలి కింద తాడు బిగించారు. అలా కట్టకూడదు. వెంటనే పడుకోబెట్టి, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో ఆ చోటే పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టాలి. ఆగినా సరే, డాక్టరుకి చూపించాలి.