అమ్మకి 7వ నంబరు గడప, 24వ నంబరు అటక

మా అమ్మకి ఇంగ్లీషు చదవడం రాదు, అంకెలు మాత్రం వచ్చు. పోయినేడు గుంటూరు నుంచి మెల్‌బోర్న్‌లో మా ఇంటికొచ్చి నాలుగు నెలలు ఉంది. రెండు వారాలు తిరక్కుండానే ఒక్కతే ట్రామెక్కి (రోడ్డు మీద పరిచిన పట్టాల మీద నడిచే బండి) కూరగాయలు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఇక్కడ ప్రతి స్టాప్‌కీ ఒక నంబరుంటుంది. మామూలుగా ఊరి నడిబొడ్డున మొదలై శివార్ల వైపు వెళ్లేకొద్దీ పెరుగుతుంది. అమ్మ గుర్తుపెట్టుకున్నవి రెండే: 24లో ఎక్కాలి, 7లో దిగాలి. అంకె తగ్గుతుంటే బజారుకి వెళ్తున్నట్టు, పెరుగుతుంటే ఇంటికొస్తున్నట్టు. భాష రాని ఊళ్లో డెబ్బై దాటిన మనిషికి ఆ నంబరు ఇచ్చిన ధైర్యం నేనివ్వలేకపోయాను.

చిక్కల్లా ఎక్కడం దిగడం దగ్గరొచ్చింది. అమ్మకి మోకాళ్ల నొప్పులు. 7లో ఎత్తు ప్లాట్‌ఫారం ఉంది, కింది నుంచి వాలుగా నడిచి పైకి రావచ్చు. ట్రామ్ నేల, ప్లాట్‌ఫారం నేల దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి. మా ఇంటి దగ్గర 24లో అలాంటిదేమీ లేదు. ఫుట్‌పాత్ మీద ఒక స్తంభం, దానికో బోర్డు. ట్రామ్ మాత్రం రోడ్డు మధ్యలో ఆగుతుంది. ఫుట్‌పాత్ దిగి, కార్లు నడిచే వరస దాటి, రోడ్డు మీద నుంచి కాలెత్తి ఎక్కాలి. "అక్కడ గడప దాటినట్టుంది అమ్మాయ్, ఇక్కడ అటకెక్కినట్టుంది" అంది అమ్మ. ట్రామ్ స్టాప్‌ల గురించి నాకు తెలిసిన విషయమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

దిగేటప్పుడు ఇంకా భయం. తలుపు తెరుచుకోగానే కాలు పెట్టేది నడిరోడ్డు మీద. ఇలాంటి చోట ట్రామ్ ఆగితే వెనక కార్లు ఆగిపోవాలని ఇక్కడి చట్టం. తలుపులు మూసుకుని, దాటే మనుషులెవరూ లేనప్పుడు కూడా 10 కిలోమీటర్ల వేగం మించకుండా ముందుకెళ్లాలి. చాలామంది ఆగుతారు. ఒక సాయంత్రం ఒకడు ఆగలేదు. అమ్మ మొదటి మెట్టు మీదే ఉంది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత పది రోజులు ఆవిడ ట్రామ్ ఊసెత్తలేదు. అడిగితే "కూరలు నువ్వే తేవే" అంది. నాకు కడుపులో దేవినట్టయింది. కష్టపడి సంపాదించుకున్న ఆ కాస్త స్వేచ్ఛ ఒక మెట్టు దగ్గర ఊడిపోయింది.

ప్రపంచంలో అతి పెద్ద ట్రామ్ వ్యవస్థ మాదేనని మెల్‌బోర్న్ గొప్పగా చెప్పుకుంటుంది. నిజమే. దాదాపు 250 కిలోమీటర్ల మార్గం, 1,600కి పైగా స్టాప్‌లు. వికలాంగుల సౌకర్యం కోసం ఆస్ట్రేలియా ప్రభుత్వం 2002లో తెచ్చిన ప్రమాణాల ప్రకారం స్టాప్‌లన్నీ 2022 డిసెంబర్ 31 కల్లా, ట్రామ్‌లన్నీ 2032 డిసెంబర్ 31 కల్లా అందరూ ఎక్కగలిగేలా మారాలి. మొదటి గడువు దాటిపోయింది, మా 24 అలాగే ఉంది. 2020లో మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్ర ఆడిటర్ జనరల్ ఇచ్చిన నివేదికలో ఒక అంకె ఉంది. 2018-19లో నేల తక్కువ ఎత్తులో ఉన్న ట్రామ్ వచ్చి, సమానమైన ఎత్తున్న స్టాప్‌లో ఆగిన సర్వీసులు 15 శాతమే.

కొత్త ట్రామ్ కొంటే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. 2013 నుంచి నడుస్తున్న పొడుగాటి ఇ-క్లాస్ రకం ట్రామ్‌లు చూడముచ్చటగా ఉంటాయి, లోపల ఒక్క మెట్టు ఉండదు. కానీ అదే ట్రామ్ మా స్టాప్‌లాంటి చోట ఆగితే దాని నేల రోడ్డుకి అడుగు ఎత్తున ఉంటుంది. వీల్‌చైర్లో ఉన్న మనిషికి అడుగు ఎత్తయినా అంతస్తు ఎత్తయినా ఒకటే. పైగా ప్రయాణానికి రెండు కొసలుంటాయి. ఎక్కే చోట ప్లాట్‌ఫారం ఉండి దిగే చోట లేకపోతే ఆ ప్రయాణమే లేదు. అందుకే "ఇన్ని స్టాప్‌లు బాగుచేశాం" అని లెక్క చెబితే నాకు ఆనదు. ఏ ఇంటి నుంచి ఏ ఆసుపత్రికి, ఏ బజారుకి మెట్టెక్కకుండా వెళ్లొచ్చో చెప్పమనండి.

నాతో పనిచేసే ఒకాయనకి చూపు లేదు. ఆయన చెప్పేదాకా నాకు తట్టని సంగతి: ప్లాట్‌ఫారం ఉన్న చోట ఆయన స్టాప్‌ని కాలితో గుర్తుపడతాడు. నేల మీద బొడిపెల పలకలుంటాయి కదా, అవే. జపాన్‌లో సెయిచి మియాకే అనే ఆయన తయారుచేస్తే 1967లో ఒకాయామా నగరంలో మొదటిసారి పరిచారు, ఇప్పుడు ప్రపంచమంతా ఉన్నాయి. మా స్టాప్‌లో మాత్రం ఆయన చేతికర్రకి తగిలేది ఒక స్తంభం. దాని పక్కన కరెంటు స్తంభం, పార్కింగ్ బోర్డు స్తంభం. ఏది ఏదో ఎలా తెలియాలి? తెలిసినా, ఇలాంటి చోట ట్రామ్ రాగానే చెయ్యెత్తి ఆపాలి. వచ్చేది తన ట్రామో కాదో కనబడని మనిషి దేనికి చెయ్యెత్తాలి?

గుర్తుపట్టడం, ఎక్కడం అని ఈ రెంటినీ విడదీసి మాట్లాడేవాళ్లతో అందుకే నాకు పేచీ. జర్మనీలో ఏ ఊరికెళ్లినా పసుపు వృత్తంలో ఆకుపచ్చ హెచ్ అక్షరం కనిపిస్తే అది స్టాప్. హానోవర్ నగరంలో 1990ల్లో పేరున్న వాస్తుశిల్పులతో కొన్ని స్టాప్‌లకి వింత వింత ఆకారాలు చేయించారు, ఫ్రాంక్ గేరీ చేసిన మెలికల ఉక్కు స్టాప్ వాటిలో ఒకటి. బొమ్మలో చూస్తే నాకూ నచ్చింది. కానీ రోజూ ఎక్కే మనిషికి కావలసింది నిన్నటి స్టాప్‌లో బోర్డు, బల్ల, పలకలు ఎక్కడున్నాయో ఇవాళ్టి స్టాప్‌లోనూ అక్కడే ఉండటం. బల్లకి చేతులుంటే మోకాళ్ల నొప్పులవాళ్లు పట్టుకుని లేస్తారు. నంబరు చత్వారం కళ్లకి కూడా రోడ్డు అవతల నుంచి కనపడాలి. ఇవి ఖర్చు లెక్కలో పెద్దవేం కావు.

ఎత్తు ప్లాట్‌ఫారం కట్టడం ఖర్చే, ఒప్పుకుంటాను. రోడ్డులో చోటు పోతుంది, పార్కింగ్ పోతుంది, కొట్లవాళ్లు బేరాలు పడిపోతాయని భయపడతారు. వాళ్ల భయాన్ని కొట్టిపారెయ్యను. దగ్గర దగ్గరగా ఉన్న రెండు స్టాప్‌లు కలిపి ఒకటి చేస్తే అమ్మలాంటివాళ్లు ఇంకో వంద గజాలు నడవాలి, అదీ నిజమే. అమ్మనే అడిగాను. "వంద గజాలు నిదానంగా నడుస్తా, దార్లో కూర్చోడానికో బల్ల వేయించు. ఆ మెట్టే నావల్ల కాదు" అంది.

ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ 1987లో ట్రామ్ మొదలుపెట్టినప్పుడే వీల్‌చైర్‌తో ఎక్కేలా కట్టింది, వికలాంగుల సంఘాలు పట్టుబట్టబట్టి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మెల్‌బోర్న్‌లో ఉన్న మన తెలుగువాళ్లని నేనడిగేది ఇదే. మీ వీధిలో స్టాప్ మారుస్తామని, అభిప్రాయం చెప్పమని కాగితం వస్తే చెత్తబుట్టలో వెయ్యకండి. పార్కింగ్ పోతుందని రాసేవాళ్లు ఎలాగూ రాస్తారు. ఊరి నుంచి వచ్చే మన అమ్మానాన్నలు ఓటర్లు కారు, వాళ్లని ఎవరూ అడగరు. వాళ్ల తరఫున నాలుగు ముక్కలు మనమే రాయాలి.

నేను మా 24 గురించి రాసి పంపాను. కొలతలు, ఫొటోలు, అమ్మ చెప్పిన అటక మాట కూడా పెట్టాను. నిన్న ఫోన్లో అమ్మ, వచ్చే ఏడాది మళ్లీ వస్తానంది. డాక్టరు వాకర్ వాడమన్నాడట. "అది ట్రామ్‌లోకి పడుతుందా?" అని అడిగింది. లోపల బోలెడు చోటుందమ్మా అన్నాను. ఎలా ఎక్కాలో మాత్రం చెప్పలేకపోయాను.