పాత బంగళాకి కొత్త కళ: కొన్ని ఉచిత సలహాలు

పర్లాకిమిడిలోనో బరంపురంలోనో పాత బంగళాని సాంస్కృతిక కేంద్రం చేయబోయే కళాకారులకు, డిజైనర్లకు ఈ సలహాలు.

ముందు గోడల గార గీకించండి. లోపలి ఎర్రిటుక కనపడందే ఫొటోలో పాతతనం రాదు. ఆ ఇటుక మెత్తగా కాలింది, గార చొక్కా ఉంటేనే వానకి నిలుస్తుందని ముసలి మేస్త్రి గొణుగుతాడు. వినకండి, డిగ్రీ ఎవరిది? జూన్ వానల నుంచి అక్టోబరు తుపాను దాకా నీరు తాగి ఇటుక పొడిగా రాలితే, కాలం చెక్కిన శిల్పమని పక్కన చీటీ అంటించొచ్చు.

పెచ్చులూడిన చోట సిమెంటే పూయించండి. సున్నమైతే వారాల తరబడి నానబెట్టాలి, ఒక పాలుకి మూడు పాళ్ళు ఇసుకా సుర్కీ (ఇటుక పొడి) కలపాలి, కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్ళు పోయాలి, పల్చటి పొరలు వేసి ఒక్కో పొరనీ తడుపుతూ ఆరనివ్వాలి. మంత్రిగారు ప్రారంభోత్సవం తేదీ ఇచ్చేశారాయె! పునాదిలోంచి పాకే చెమ్మ సున్నంలోంచి ఆవిరైపోయేది. సిమెంటు దాన్ని పోనివ్వదు గనక అది అంచు దాటి పైకెక్కి, అయిదడుగుల ఎత్తున తెల్లగా ఉప్పు పూస్తుంది. బొమ్మలు తగిలించేదీ సరిగ్గా ఆ ఎత్తులోనే.

కప్పు మద్రాసు టెర్రసు: టేకు దూలాల మీద ఐమూలగా పేర్చిన ఇటుకలు, పైన సున్నపు కాంక్రీటు. దూలం కొస గోడలో దూరే చోటే చెదలు పడతాయి. ఇనపచువ్వతో పొడిచి చూస్తే తెలుస్తుంది. తెలిస్తే మార్చాలి. ఫాల్స్ సీలింగు వేస్తే తెలియదు.

హాలు ఎత్తైనది, గోడలు గట్టివి, కింద రాతి గచ్చు. హరిదాసు చిడతలూ పద్యమూ అందులో ఒకదాన్నొకటి మింగేస్తాయి. మందపాటి తెరలు, వెనకగోడకి గుడ్డ కప్పిన కొబ్బరిపీచు పలకలు చాలు. కానీ అంత చౌక పని బడ్జెట్‌లో చూపిస్తే పరువేముంటుంది? పెద్ద స్పీకర్లు పెట్టండి, ప్రతిధ్వని కూడా పెద్దగా వినిపిస్తుంది.

పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. వాడుక భాష కోసం పట్టుబట్టిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిందీ అక్కడే. కనక కాఫీ మూలకి ఆయన పేరు పెట్టి, ఇంగ్లీషులో రాయించండి. ఒడియా బోర్డు ఎలాగూ తప్పదు. తెలుగు బోర్డు అడిగేవాళ్ళు ఎదురుగా టీ కొట్టు దగ్గరే ఉంటారు, లోపలికి రారు.

అద్దె మాత్రం బుర్రకథ బృందానికి అందనంత పెట్టండి. వాళ్ళొస్తే జనం చెప్పులు బయట విడిచి గచ్చు మీదే కూర్చుంటారు, మీరు తెప్పించిన డిజైనర్ కుర్చీలు ఖాళీగా కనపడతాయి.