లేని షేరును అమ్మే వ్యాపారం

1609లో ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుడు ఐజాక్ లె మేర్, తాను లోగడ డైరెక్టరుగా ఉన్న డచ్ ఈస్టిండియా కంపెనీ షేర్లను చేతిలో లేకుండానే ముందస్తు ఒప్పందాల మీద అమ్మించాడు. ఆయన కూటమి వదంతులు కూడా పుట్టించిందని కంపెనీ ఆరోపించింది. 1610 ఫిబ్రవరిలో సొంతం కాని షేరు అమ్మరాదని శాసనం వచ్చినా వ్యాపారం మాత్రం ఆగలేదు. నిషేధాల చరిత్ర ఆనాటి నుంచీ ఇంతే.

ధర అతిగా పెరిగిందని నమ్మినవారు షేరును అరువు తెచ్చి అమ్మి, తరువాత కొని తిరిగి ఇచ్చేయడంలో తప్పు లేదు. 2001లో కుప్పకూలిన అమెరికా ఇంధన సంస్థ ఎన్‌రాన్ లెక్కలను ముందుగా శంకించినవారిలో ఇలా అమ్మే ‘షార్ట్ సెల్లర్లు’ ఉన్నారు. అరువైనా తేకుండా అమ్మి (దీన్నే ‘నేకెడ్ షార్ట్ సెల్లింగ్’ అంటారు), గడువుకు డెలివరీ ఇవ్వకపోతేనే చిక్కు. కంపెనీ ఎన్నడూ జారీ చేయని షేరు కొన్నవారి ఖాతాలో ఉన్నట్టు లెక్క తేలుతుంది. నా దృష్టిలో దానికీ దొంగ సర్టిఫికెట్‌కూ తేడా స్వల్పం.

మన దేశం ఈ పాఠాన్ని 1992లో నేర్చుకుంది. ప్రభుత్వ బాండ్ల లావాదేవీల్లో బాండ్లకు బదులు బ్యాంకు రసీదులు చేతులు మారేవి. బ్యాంక్ ఆఫ్ కరాడ్, మెట్రోపాలిటన్ కోఆపరేటివ్ బ్యాంకు తమ దగ్గర ఏ బాండ్లూ లేకుండానే రసీదులు జారీ చేయగా, వాటి ఆధారంగా ఇతర బ్యాంకుల నుంచి వచ్చిన సొమ్ము హర్షద్ మెహతా వంటి బ్రోకర్ల ద్వారా షేర్ మార్కెట్‌కు చేరింది. ఈ కుంభకోణంపై రిజర్వు బ్యాంకు వేసిన జానకిరామన్ కమిటీ తేల్చిన మొత్తం 4,000 కోట్ల రూపాయలకు పైమాటే. అదే కాలంలో షేరు కొన్న సామాన్యుడికి దొంగ సర్టిఫికెట్లు, దొంగిలించిన సర్టిఫికెట్లు, సంతకం కలవక తిరిగొచ్చే ‘బ్యాడ్ డెలివరీ’లు నిత్యకృత్యం. 1996లో డిపాజిటరీల చట్టం, దాని వెంటే షేర్లను ఎలక్ట్రానిక్ ఖాతాల్లో ఉంచే సంస్థ ఎన్ఎస్‌డీఎల్ రావడంతో కాగితం కనుమరుగై, దానితోపాటే ఆ బెడద కూడా తగ్గింది.

అమెరికా 2005లో షార్ట్ సెల్లింగ్‌ను కట్టడి చేసే ‘రెగ్యులేషన్ ఎస్‌హెచ్‌వో’ నిబంధనలు తెచ్చినా, అప్పటికే పేరుకుపోయిన డెలివరీ బకాయిలకు 2007 దాకా మినహాయింపు ఇచ్చింది. 2008 జూలైలో నేకెడ్ షార్ట్ సెల్లింగ్ నుంచి అత్యవసర రక్షణ ముందుగా దక్కింది 19 పెద్ద ఆర్థిక సంస్థలకు. చిన్న కంపెనీల వాటాదారుల మొర అంతకుముందు ఎందుకు వినబడలేదన్న ప్రశ్నకు గౌరవప్రదమైన జవాబు లేదు.

మన మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2001 మార్చిలో షార్ట్ సెల్లింగ్‌ను నిషేధించింది. 2007 డిసెంబరు నిబంధనల్లో మాత్రం అరువు తెచ్చి అమ్మడాన్ని అనుమతించి, నేకెడ్ షార్ట్ సెల్లింగ్‌ను కాదంది. డెలివరీ ఇవ్వనివారి తరఫున ఎక్స్ఛేంజి వేలంలో కొని, నష్టాన్ని వారిపైనే వేస్తుంది. 2023 జనవరి నుంచి సెటిల్‌మెంట్, అంటే షేర్లూ సొమ్మూ చేతులు మారే గడువు, ఒక్కరోజుకు తగ్గింది. లేని షేరు దాక్కునే వ్యవధిని తగ్గించిన ఈ ఏర్పాట్లు ఏ నిషేధం కన్నా ఎక్కువ మేలు చేశాయి.

అయినా 2019లో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న కార్వీ స్టాక్ బ్రోకింగ్, ఖాతాదారుల షేర్లను తన అప్పులకు తాకట్టు పెట్టినట్టు సెబీ తేల్చింది. అక్కడ షేర్లు అసలైనవే. పెట్టిన చెయ్యే యజమానిది కాదు. 2020 సెప్టెంబరు నుంచి మార్జిన్ (లావాదేవీకి ముందుగా ఇచ్చే హామీ) కోసం షేర్లు తాకట్టు పెట్టాలంటే ఖాతాదారు స్వయంగా ఓటీపీతో ఆమోదించాలి, షేర్లు ఆయన ఖాతాలోనే ఉండాలి.