డిజిటల్ అరెస్టు బాధితులు తెలివితక్కువవారు కారు

పోలీసులమనో సీబీఐ అధికారులమనో వీడియో కాల్‌లో బెదిరించి, కెమెరా ముందు నుంచి కదలనివ్వకుండా డబ్బు గుంజే మోసమే డిజిటల్ అరెస్టు. దాని పేరిట ఎవరైనా డబ్బు పోగొట్టుకున్నారని వార్త వచ్చిన ప్రతిసారీ ఒక వాదన వాట్సాప్‌లో తిరుగుతుంది. చదువూ లోకజ్ఞానమూ లేనివారే ఈ వలలో పడతారనీ, తప్పు చేయనివారికి పోలీసు భయం ఉండదనీ, ఒక్క నిమిషం ఆలోచిస్తే మోసం బయటపడుతుందనీ దాని సారాంశం. ఈ మూడు మాటలూ నిలబడేవి కావు.

మొదటిదానికి ఒక్క ఉదాహరణ చాలు. 2024లో వర్ధమాన్ గ్రూపు అధినేత ఎస్.పి. ఓస్వాల్ ఇదే తరహా మోసంలో రూ. 7 కోట్లు పోగొట్టుకున్నారు. సీబీఐ అధికారులమని చెప్పుకున్నవారు ఆయనకు వీడియోలో సుప్రీంకోర్టు విచారణను, ప్రధాన న్యాయమూర్తిగా నటిస్తున్న వ్యక్తిని కూడా చూపించారు. దేశంలోని పెద్ద జౌళి సంస్థల్లో ఒకదానిని దశాబ్దాల పాటు నడిపి, పద్మభూషణ్ అందుకున్న మనిషికి లోకజ్ఞానం లేదని అనగలమా?

రెండో మాట అసలు వాస్తవాన్ని తలకిందులు చేస్తుంది. మీ ఆధార్‌తో ఎవరో బ్యాంకు ఖాతా తెరిచారనో, మీ పేరిట వచ్చిన పార్సిల్‌లో మత్తుపదార్థాలు దొరికాయనో చెప్పినప్పుడు, విచారణకు సహకరిస్తే తన నిర్దోషిత్వం తేలిపోతుందని నమ్మేది ఏ తప్పూ చేయని మనిషే.

మూడోది కొంత వివరంగా చూడవలసినది. 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాల్లో, పక్క గదిలోని వ్యక్తి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా విద్యుత్ షాక్ పెంచాలని పాల్గొన్నవారిని ప్రయోగకర్త ఆదేశించేవాడు. ఆ షాకులు ఉత్తుత్తివే అయినా, మీట నొక్కుతున్నవారికి ఆ సంగతి చెప్పలేదు. తొలుత ప్రచురితమైన ప్రయోగంలో 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల వరకూ వెళ్లారు. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. నాకు ఇంతకన్నా ముఖ్యమనిపించేవి పరిస్థితులు మార్చి చేసిన ప్రయోగాలు. ప్రయోగకర్త గదిలోంచి వెళ్లిపోయి ఫోనులో ఆదేశాలిస్తే, చివరిదాకా వెళ్లినవారు సుమారు ఐదో వంతుకు పడిపోయారు. పక్కన కూర్చున్న మరో ఇద్దరు ఎదురుతిరిగి లేచిపోతే, 40 మందిలో నలుగురే చివరిదాకా వెళ్లారు. ప్రయోగశాలకూ జీవితానికీ తేడా ఉన్న మాట నిజమే. అయినా మోసగాళ్లు కెమెరా ఆపవద్దనీ, గది దాటవద్దనీ, భార్యాబిడ్డలకు సైతం చెప్పవద్దనీ ఎందుకు పట్టుబడతారో ఈ రెండు ఫలితాలను బట్టి అర్థమవుతుంది: అధికారి కళ్లెదుటే ఉండాలి, కాదనే మనిషి దగ్గర లేకుండా పోవాలి. ఆలోచించడానికి అవసరమైన ఆ ఒక్క నిమిషాన్నే వారు ముందుగా లాక్కుంటారు.

మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదన్న సమాచారాన్ని ఎంత ప్రచారం చేసినా మంచిదే. కానీ బాధితుణ్ణి వెక్కిరించే ఈ వాదన మాత్రం నేరుగా కీడు చేస్తోంది. నలుగురూ నవ్వుతారన్న సిగ్గుతో సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే నంబరు 1930కి ఫోను చేయడానికి వెనుకాడే ప్రతి గంటలోనూ ఆ డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారిపోతూ ఉంటుంది. ఓస్వాల్ ఫిర్యాదు చేసినందువల్లనే, పోయిన సొమ్ములో రూ. 5 కోట్లకు పైగా పోలీసులు వెనక్కి రాబట్టగలిగారు.